‘కంప్యూటర్ వేసిన బొమ్మ’ అంటే ఏ బొమ్మ?

సంపాదకులు గారికి,

పండగ అనుబంధాల్లో, ఆదివారం కథల పక్కన, శుభాకాంక్షల ప్రకటనల్లో ఇప్పుడు కంప్యూటర్ బొమ్మలే ఎక్కువ కనిపిస్తున్నాయి. దానికి మాకు అభ్యంతరం లేదు. పేచీ అంతా వాటికి పెడుతున్న పేరుతోనే. ట్యాబ్లెట్ మీద స్టైలస్‌తో చిత్రకారిణి రెండు రోజులు కూర్చుని వేసిన బొమ్మా కంప్యూటర్ బొమ్మే. వంద వరుసల ప్రోగ్రామ్ రాసి నడిపిస్తే వచ్చిన బొమ్మా కంప్యూటర్ బొమ్మే. నాలుగు మాటలు టైపు చేస్తే ఏఐ మోడల్ ఇచ్చిన బొమ్మకీ అదే పేరు. మొదటి దాంట్లో కంప్యూటర్ కుంచె, రెండో దాంట్లో చెప్పిన పని చేసే కూలీ. మూడో దాంట్లో ఎక్కడెక్కడి బొమ్మలో చూసి పోలిక పట్టేసిన అనుకర్త. మూడింటినీ ఒకే గాటన కట్టడం వల్ల ముందుగా నష్టపోయేది మొదటి ఇద్దరే. ఎంత కష్టపడి వేసినా ‘ఏఐతో చేశారా?’ అన్న ప్రశ్న వాళ్లకు తప్పడం లేదు.

తేడా పట్టుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు, ముగ్గు చాలు. ‘13 చుక్కలు, సందు చుక్క, 7 వరకు’ అని పత్రికల్లో ముగ్గు కింద వేస్తారు కదా, అది నిజానికి ప్రోగ్రామే. మధ్య వరుసలో 13 చుక్కలు పెట్టి, పైకీ కిందికీ వరుసకి ఒక్కొక్కటి తగ్గిస్తూ, ముందు వరుస చుక్కల సందుల్లో పెట్టుకుంటూ 7 దాకా వెళ్లాలి. లెక్క వేస్తే 127 చుక్కలు వస్తాయి. ఎవరు పెట్టినా, ఏ ఊళ్లో పెట్టినా 127 రావాల్సిందే. అదే ‘13 చుక్కలు, సరి చుక్క, 1 వరకు’ అంటే వరుసకి రెండేసి తగ్గుతాయి కాబట్టి మొత్తం 85. బొమ్మను బొమ్మగా కాకుండా దాన్ని పుట్టించే సూత్రంగా పంచుకోవడమే జనరేటివ్ ఆర్ట్ అన్న మాటకు అసలు అర్థం. అందులో కంప్యూటర్ ఉండాలన్న నియమం కూడా లేదు.

మెలికల ముగ్గు దగ్గరికి వస్తే ఇది ఇంకా చిక్కబడుతుంది. చుక్కలు నలుచదరంగానో దీర్ఘచతురస్రంగానో పెట్టి, పక్కపక్క చుక్కల మధ్య గీతలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేలా, అంచుకు రాగానే చుక్కను చుట్టి వెనక్కి తిరిగేలా వేస్తే ఎన్ని గీతలవుతాయో ముందే చెప్పొచ్చు. అడ్డం చుక్కల సంఖ్యకూ నిలువు చుక్కల సంఖ్యకూ గ.సా.భా. ఎంతో అన్నే విడి గీతలు. 3 అడ్డం, 4 నిలువు పెడితే గ.సా.భా. 1, కాబట్టి చెయ్యెత్తకుండా ఒకే గీతలో ముగ్గు పూర్తవుతుంది. అందులో గీతలు ఒకదాన్నొకటి దాటే చోట్లు, అంటే దాట్లు, 17. 4 అడ్డం, 6 నిలువైతే రెండు గీతలు. 4కి 4 పెడితే నాలుగు. ఆ నాలుగింటినీ ఒకటి చెయ్యాలంటే వేర్వేరు గీతలు కలుసుకునే దాటు ఒకటి చూసుకుని, అక్కడ దాటించకుండా రెండు వంపులుగా విడదీస్తే ఆ రెండు గీతలూ ఒకటైపోతాయి. అలా మూడు చోట్ల చేస్తే మొత్తం ఒకే గీత. పొరపాటున ఒకే గీత తనను తాను దాటే చోట విడదీస్తే మాత్రం అది రెండుగా తెగిపోయే వీలుంది. అందుకే విడదీసే ముందు ఆ చోట కలిసేవి రెండు గీతలా, ఒకటేనా అని వేలు పెట్టి చూసుకోవాలి.

దీన్ని కంప్యూటర్ శాస్త్రం పట్టించుకోలేదనుకుంటే పొరపాటు. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ దంపతులు, కమలా కృతివాసన్ కలిసి తమిళుల కోలాలను వ్యాకరణ సూత్రాలుగా రాసి 1974లోనే పరిశోధన వ్యాసం ప్రచురించారు. వాక్యానికి కర్త, కర్మ, క్రియ ఉన్నట్టు ముగ్గుకీ విస్తరణ సూత్రాలుంటాయని చూపించిన పని అది. మొక్కల ఎదుగుదలను సూత్రాల్లో పెట్టడానికి 1968లో అరిస్టిడ్ లిండెన్‌మేయర్ ప్రతిపాదించిన ఎల్-సిస్టమ్స్ పుస్తకాల్లో ‘కృష్ణుడి అందెలు’ అనే కోలం ఇప్పటికీ ఉదాహరణగా కనిపిస్తుంది. ఎల్-సిస్టమ్ అంటే కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. ‘అ’ ఉన్నచోట ‘అఆ’ రాయి, ‘ఆ’ ఉన్నచోట ‘అ’ రాయి అనే రెండు సూత్రాలతో మొదలుపెడితే అ, అఆ, అఆఅ, అఆఅఅఆ అని పెరుగుతూ పోతుంది. అక్షరాల లెక్క 1, 2, 3, 5, 8. ఒక అక్షరానికి ‘ముందుకు గీయి’, ఇంకోదానికి ‘45 డిగ్రీలు తిరుగు’ అని అర్థం ఇస్తే చాలు, అది బొమ్మ అవుతుంది.

మగ్గం సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. ధర్మవరం పట్టుచీర అంచులో పువ్వు జకార్డు అట్టల్లో ఉంటుంది. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. ఒక అట్టలో ఒక చిల్లు తప్పు పడితే ఆ తప్పు పువ్వు పువ్వుకీ అదే చోట తిరిగి వస్తుంది. ఈ విషయం గుర్తు పెట్టుకోండి, కింద పనికొస్తుంది. సూత్రంతో వేసిన బొమ్మలో తప్పుకి కూడా క్రమం ఉంటుంది.

ఇక అసలు చరిత్ర. కంప్యూటర్ కళ 2022లో పుట్టినట్టు రాస్తున్నారు. 1965 ఫిబ్రవరిలోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయంలో, తత్త్వవేత్త మాక్స్ బెన్సే నడిపిన గ్యాలరీలో గియార్గ్ నీస్ తన కంప్యూటర్ గీతలు ప్రదర్శనకు పెట్టారు. ఆల్గాల్ భాషలో ప్రోగ్రామ్ రాసి, జూజె కంపెనీ గ్రాఫోమాట్ అనే ప్లాటర్‌తో, అంటే కలం పట్టుకుని గీసే యంత్రంతో, సిరాతో గీయించినవవి. అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని హోవర్డ్ వైజ్ గ్యాలరీలో బెల్ ల్యాబ్స్ అనే పరిశోధన సంస్థకు చెందిన మైఖేల్ నోల్, బేలా జూలెస్ బొమ్మలు పెట్టారు. నోల్ చేసిన ఒక పరీక్ష ఇప్పటి వాదాలకు సరిగ్గా అతుకుతుంది. డచ్ చిత్రకారుడు మాండ్రియాన్ 1917లో వేసిన గీతల చిత్రం ఒకటి, దాన్ని చూసి తాను కంప్యూటర్‌తో వేయించిన చిత్రం ఒకటి, రెండిటి నకళ్లనూ 100 మందికి చూపించారు. కంప్యూటర్‌ది ఏదో సరిగ్గా చెప్పినవాళ్లు 28 మందే. కంప్యూటర్ చిత్రమే బాగుందన్నవాళ్లు 59 మంది.

అప్పటివాళ్లలో ఎక్కువ చెప్పుకోవాల్సింది వెరా మోల్నార్ గురించి. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన ఈమె కంప్యూటర్ దొరక్కముందే, 1959 నుంచి, ‘ఊహా యంత్రం’ అని పేరు పెట్టుకుని సూత్రం రాసుకోవడం, దాన్ని చేత్తోనే అంచెలంచెలుగా అమలు చేయడం సాగించారు. 1968లో నిజం కంప్యూటర్ చేతికందింది. చతురస్రాల క్రమంలో ఒక్క శాతం అపక్రమం కలపాలన్నది ఆమె పట్టుదల. 2023 డిసెంబర్‌లో, వందో ఏడు నిండడానికి నెల రోజుల లోపు ఉండగా పోయారు. క్రమం ఎంత, చిందర ఎంత అన్న ఆ పాళ్లలోనే ఈ కళ రుచంతా ఉంది. మెషీన్ ఎంత ఖరీదైనదన్న దాంట్లో లేదు.

ఆ పాళ్లు ఎలా పని చేస్తాయో తెలియాలంటే నీస్ 1968 ప్రాంతంలో చేసిన ‘షాటర్’ను మళ్లీ వేసి చూడటం కన్నా మంచి దారి లేదు. ఆ జర్మన్ మాటకు కంకర అని అర్థం. వరుసకు 12 చతురస్రాలు, 22 వరుసలు, మొత్తం 264. పై వరుస తాపీమేస్త్రీ పేర్చినట్టుంటుంది, కిందికి వచ్చేకొద్దీ లారీలోంచి ఒలకబోసినట్టు చెదిరిపోతుంది. దీనికి ఉచితంగా దొరికే పీ5.జేఎస్ అనే ప్రోగ్రామింగ్ సాధనం చాలు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కొలతలు ఇలా పెట్టుకోవచ్చు. చతురస్రం భుజం 30 పిక్సెళ్లు, నాలుగు వైపులా 60 పిక్సెళ్ల ఖాళీ, కాబట్టి కాన్వాస్ 480 వెడల్పు, 780 ఎత్తు. వరుసలకు 0 నుంచి 21 దాకా అంకెలు. ఒక్కో చతురస్రానికి మూడు రాండమ్ అంకెలు తీయాలి, మూడూ -1కీ 1కీ మధ్య. మొదటిదాన్ని వరుస అంకెతోనూ 2తోనూ హెచ్చవేస్తే ఎన్ని డిగ్రీలు తిప్పాలో వస్తుంది. మిగతా రెంటినీ వరుస అంకెతోనూ 0.7తోనూ హెచ్చవేస్తే అడ్డంగా, నిలువుగా ఎంత జరపాలో వస్తుంది. సున్నా వరుసలో అన్నీ సున్నాలే కాబట్టి కదలిక లేదు. చివరి వరుసలో తిప్పుడు 42 డిగ్రీల దాకా, జరుగుడు దాదాపు 15 పిక్సెళ్ల దాకా, అంటే సగం చతురస్రం దాకా పోతుంది.

ఇంత చిన్న పనిలోనూ తప్పులకు కొదవ ఉండదు. పీ5 కోణాన్ని రేడియన్లలో తీసుకుంటుంది, అది డిగ్రీ కన్నా చాలా పెద్ద కొలత. డిగ్రీలని ముందే చెప్పకపోతే రెండో వరుస నుంచే కంకర మొదలైపోయి, మెల్లమెల్లగా చెదరడం అన్న అందమే పోతుంది. చతురస్రాన్ని మధ్య బిందువు నుంచి కొలవమని చెప్పకపోతే మూల పట్టుకుని తిరుగుతుంది, బొమ్మంతా ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది. ప్రతి చతురస్రానికీ ముందు ‘పుష్’, తర్వాత ‘పాప్’ రాయకపోతే ఒకదాని తిప్పుడు తర్వాతి దానికి అంటుకుని, అది ఆ పైదానికి అంటుకుని, పది చతురస్రాలు తిరిగేసరికి అంతా కాన్వాస్ బయటికి పోతుంది. ‘నోఫిల్’ మరిస్తే చతురస్రాల లోపల తెల్లరంగు నిండి, పైన పడ్డది కిందిదాన్ని కప్పేస్తుంది. ‘నోలూప్’ మరిస్తే సెకనుకు 60 సార్లు కొత్త అంకెలతో మళ్లీ మళ్లీ గీసి బొమ్మ చీమలపుట్టలా కదులుతుంది. ఇక ‘రాండమ్‌సీడ్’కి ఏదో ఒక అంకె, 7 అనుకోండి, ఇవ్వకపోతే ఇవాళ నచ్చిన బొమ్మ రేపు మళ్లీ రాదు. ఇందులో ఇంకో మెలిక ఉంది. సీడ్ అదే ఉంచి, మధ్యలో ఒక్క రాండమ్ అంకె అదనంగా తీసినా, గీత మందానికనుకోండి, అక్కడినుంచి అంకెలన్నీ ఒక స్థానం జరిగి బొమ్మ పూర్తిగా మారిపోతుంది.

రాండమ్ అన్నంత మాత్రాన గాలివాటు కాదని ఇక్కడే తెలుస్తుంది. అవి లెక్క ప్రకారం పుట్టే అంకెలు, చూడ్డానికే అడ్డదిడ్డం. నోల్ తన ‘గాసియన్-క్వాడ్రాటిక్’ బొమ్మను అమెరికాలో కాపీరైట్‌కు పంపితే, యంత్రం చేసింది కాబట్టి కుదరదన్నారట. ప్రోగ్రామ్ మనిషే రాశాడని ఆయన రాస్తే, రాండమ్ అంకెలున్నాయి కదా అని మళ్లీ తిప్పి పంపారట. ఆ అంకెలు కూడా గణితమేనని విడమరిచాక గానీ ఒప్పుకోలేదని ఆయనే చెప్పారు. అరవై ఏళ్ల తర్వాత కూడా అదే ప్రశ్న దగ్గర మన వాదన ఆగి ఉంది.

సహజంగా కనిపించే వంపులు కావాలంటే మాత్రం మామూలు రాండమ్ పనికిరాదు, పక్కపక్క అంకెలకు పొంతన ఉండదు. ‘ట్రాన్’ అనే హాలీవుడ్ సినిమా బొమ్మల్లోని యాంత్రికత నచ్చక కెన్ పెర్లిన్ 1983లో ఒక పద్ధతి కనిపెట్టారు. పెర్లిన్ నాయిస్ అంటారు, 1997లో ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది. పొగ, పాలరాయి, కొండలు, గాలికి ఊగే గడ్డి, అన్నిటి వెనకా అదే. టైలర్ హాబ్స్ 2021లో 999 బొమ్మల వరసగా విడుదల చేసిన ‘ఫిడెన్జా’ ప్రవాహపు గీతల్లాంటివి వెయ్యాలనుకునే పిల్లలు ఎక్కువగా తప్పేది అంగ దగ్గర. నాయిస్‌కి ఇచ్చే అంకెను పిక్సెల్‌కు 0.005 చొప్పున పెంచితే ఏటి ప్రవాహంలాంటి వంపులొస్తాయి. 0.5 చొప్పున పెంచితే చిక్కుపడ్డ జుట్టు. 1 చొప్పున పెంచితే నునుపంతా పోయి మామూలు రాండమ్‌తో సమానం.

ఈ గీతల్ని ప్లాటర్‌తో కాగితం మీదికి ఎక్కించేవాళ్లకు ఒక్క మాట. గీతలు పుట్టిన వరుసలోనే పంపితే కలం ఆ మూలకీ ఈ మూలకీ తిరగడంతోనే సగం సమయం పోతుంది. ఒక గీత చివర ఎక్కడుందో దానికి దగ్గరగా మొదలయ్యే గీత తర్వాత వచ్చేలా పేర్చుకోవాలి. ఒకే చోట అయిదారు గీతలు దాటితే పల్చటి కాగితం సిరాకు నాని చిరుగుతుంది. తెర మీద ఈ ఇబ్బంది కనిపించదు కాబట్టే తెర చూసి మోసపోవద్దు.

ఇప్పుడు మూడో రకం. మాటలు ఇస్తే బొమ్మ ఇచ్చే మోడళ్లు. వీటిల్లో సూత్రం ఉంది గానీ అది ముగ్గు సూత్రం కాదు. 2022 ఆగస్టులో అందరి చేతికీ వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ మొదటి తరాన్ని తీసుకుందాం, దాని లోపలి అమరిక బహిరంగమే. బొమ్మలకు కొద్దికొద్దిగా గిజిబిజి చుక్కల్లాంటి రొద కలుపుతూ, వెయ్యి అంచెల్లో పూర్తిగా చెడగొట్టి, ఏ అంచెలోనైనా బొమ్మలో కలిసిన రొద ఏదో చెప్పడం దానికి నేర్పారు. బొమ్మ అడిగినప్పుడు పని తిరగబడుతుంది. ఒట్టి రొదతో మొదలుపెట్టి, మీరిచ్చిన మాటలకు తగిన దిశలో రొదను 20 నుంచి 50 అంచెల్లో తీసేస్తూ వస్తుంది. మొదటి రొద ఏదన్నది సీడ్ అంకె నిర్ణయిస్తుంది. మోడల్, సీడ్, మాటలు, అంచెలు, మిగతా మీటలు అన్నీ అవే అయితే బొమ్మా అదే వస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మారితే చిన్న చిన్న తేడాలు రావచ్చు. మాటలకు ఎంత కట్టుబడాలో చెప్పే మీట ఇంకొకటి ఉంటుంది. 7 దగ్గర పెడితే మామూలుగా ఉంటుంది, 20 దాకా తిప్పితే రంగులు మాడిపోయినట్టవుతాయి.

ఈ మోడల్ పని చేసేది పిక్సెళ్ల మీద కాదు. 512కి 512 బొమ్మను 64కి 64 గళ్లుగా, గడికి నాలుగు అంకెలుగా కుదించి ఆ గళ్ల మీద పని చేస్తుంది. 7,86,432 అంకెలు ఉండాల్సిన చోట 16,384 మాత్రమే, 48వ వంతు. ఒక గడి 8 పిక్సెళ్ల వెడల్పు. ఇప్పుడు 15 చుక్కల ముగ్గు అడగండి. చుక్కకూ చుక్కకూ ఎడం 34 పిక్సెళ్లుంటుంది, చుక్క నాలుగైదు పిక్సెళ్లు. అంటే చుక్క గడి కన్నా చిన్నది. అది నిలబడదు, పక్క గీతలో కలిసిపోతుంది, లేదా లేనిచోట మొలుస్తుంది. దానికి తోడు ఈ మోడల్‌కు లెక్కపెట్టడమన్నది లేదు. ముగ్గు చూడ్డానికి ఎలా ఉంటుందో పట్టుకుంది గానీ ముగ్గు ఎలా వేస్తారో పట్టుకోలేదు. అందుకే మెలిక ఒకటి చుక్కను చుట్టకుండా దాని మీదుగానే పోతుంది, ఎడమవైపు ఏడు రేకులుంటే కుడివైపు ఆరో ఎనిమిదో ఉంటాయి. జకార్డు అట్ట తప్పు పువ్వు పువ్వుకీ తిరిగి వస్తుందన్నాం కదా, ఈ తప్పు అలా తిరిగి రాదు. ప్రతి చోటా వేరే తప్పు. మీ దగ్గరికి వచ్చిన ముగ్గు అసలుదో కాదో చూడాలంటే యంత్రాలక్కర్లేదు. అచ్చు తీసి, మధ్య వరుస చుక్కలు లెక్కపెట్టి, పై వరుసలు ఒకే లెక్కన తగ్గుతున్నాయా చూసి, ఒక గీత మీద పెన్సిల్ పెట్టి మొదలుపెట్టిన చోటికి చేరుతుందా చూడండి. రెండు నిమిషాల పని. తెల్లారి లేచి ఆ ముగ్గు చూసి వెయ్యబోయే ఇల్లాలు చుక్కలు పెట్టడం మొదలెట్టగానే ఈ తప్పు కనిపెడుతుంది. ఆవిడ తిట్టేది మోడల్‌ను కాదు, మీ పత్రికను.

ఇదే మోడల్‌తో నిలువుగా 512కి 1024 బొమ్మ అడిగితే మనిషికి రెండు తలలు రావడం మామూలు. ఎక్కువగా 512 చదరాల మీద నేర్చుకుంది కాబట్టి పై సగం ఒక బొమ్మ, కింది సగం ఇంకో బొమ్మ అనుకుంటుంది. ముందు చిన్నగా తీసి తర్వాత పెంచడమే దారి. ‘కోడి లేని పెరడు’ అంటే కోడే వస్తుంది, ఎందుకంటే ‘లేని’ కన్నా ‘కోడి’ బలమైన మాట. వద్దనుకున్నవి రాయడానికి వేరే పెట్టె ఉంటుంది, అక్కడే రాయాలి.

తెలుగులో అడిగేవాళ్లకు ఇంకో చిక్కు. ఈ తరం మోడల్ ఒక్కసారికి 77 ముక్కలే చదువుతుంది, అందులో మొదలు-చివర గుర్తులు పోగా 75. ఇంగ్లిష్ మాట తరచుగా ఒకటే ముక్క. ‘తెలుగు’ అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని 6 యూనికోడ్ గుర్తులు, గుర్తుకు మూడేసి బైట్ల చొప్పున 18 బైట్లు. ఇంగ్లిష్ కోసం తయారైన నిఘంటువు కాబట్టి ఆ మాట చిన్న చిన్న ముక్కలుగా నుగ్గయిపోతుంది. ఒక పొడుగు తెలుగు వాక్యానికే 75 అయిపోయి మిగతాది కత్తిరించబడుతుంది. మిగిలినదీ అర్థమయ్యేది తక్కువే. ఆ తర్వాత వచ్చిన కొన్ని యాప్‌లు ముందు ఇంగ్లిష్‌లోకి మార్చుకుని పని చేస్తాయి. అక్కడ ముగ్గు కాస్తా రంగోలి అవుతుంది, రంగు పొడుల పువ్వులొస్తాయి. కావలసింది మన వాకిలైతే కళ్లాపి చల్లిన మట్టినేల, తెల్లటి పిండి గీతలు, రంగులు లేవు, అని విడమరిచి చెప్పాలి. అప్పుడు కూడా చుక్కల లెక్క కుదరదు, పోలిక మాత్రం కుదురుతుంది.

బొమ్మలోని తెలుగు అక్షరాల సంగతి మీ పాఠకులందరూ చూస్తున్నదే. దుకాణం బోర్డు మీద తెలుగులా కనిపించే గిలుకుడు ఉంటుంది, చదవబోతే ఏమీ ఉండదు. ‘లక్ష్మి’నే తీసుకోండి. టైపు చేసేటప్పుడు గుడి అన్నిటికన్నా చివర వస్తుంది, బొమ్మలో మాత్రం అది క మీద కూర్చుంటుంది, ష, మ కింద ఒత్తులుగా దిగుతాయి. ఈ అమరిక ఫాంటు లోపలి నియమాల పని. మోడల్‌కు ఆ నియమాలు తెలియవు, ఆకారాల పోలికే తెలుసు. కొత్త మోడళ్లలో ఇంగ్లిష్ అక్షరాలు చాలావరకు కుదురుకున్నాయి గానీ మన ఒత్తుల దగ్గర తడబాటు ఇంకా కనిపిస్తోంది. పోస్టర్ చేసేవాళ్లకు మందు ఒకటే. బోర్డు ఖాళీగా వచ్చేలా బొమ్మ తీసుకుని, మండలియో రామభద్రయో ఏదో ఒక యూనికోడ్ ఫాంటుతో అక్షరాలు తర్వాత పేర్చుకోవడం.

హక్కుల మాటకొస్తే, 2018 అక్టోబర్‌లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ‘ఎడ్మండ్ డి బెలామి’ అనే ఏఐ చిత్తరువు 4,32,500 డాలర్లు పలికింది, ముందు వేసిన అంచనా 7,000 నుంచి 10,000. పాత చిత్తరువులు 15,000 చూపించి నేర్పిన మోడల్ అది. అమ్మినవాళ్లు ఒకరు, వాళ్లు వాడుకున్న ప్రోగ్రామ్ మొదట పంచిపెట్టింది ఇంకొక కుర్రాడు, నేర్పడానికి పనికొచ్చిన బొమ్మలు శతాబ్దాల నాటి చిత్రకారులవి. మన 1957 కాపీరైట్ చట్టంలో, 1994 సవరణతో, కంప్యూటర్ ద్వారా పుట్టిన కృతికి కర్త ఎవరంటే ‘అది పుట్టడానికి కారణమైన వ్యక్తి’ అని ఉంది. ప్రోగ్రామ్ రాసి వేసిన బొమ్మకు ఈ మాట చక్కగా అతుకుతుంది. నాలుగు మాటలు టైపు చేసినవాడికి ఎంతవరకు అతుకుతుందన్నది వేరే ప్రశ్న. అమెరికాలో 2023లో ఒక బొమ్మల కథల పుస్తకానికి మాటల మీద, కూర్పు మీద హక్కు ఇచ్చి, మోడల్ ఇచ్చిన బొమ్మల మీద ఇవ్వలేదు. మనిషి ప్రమేయం లేకుండా యంత్రమే చేసిందని చెప్పుకున్న బొమ్మకు హక్కు లేదని అక్కడి అప్పీలు కోర్టు 2025 మార్చిలో చెప్పింది.

కాబట్టి మా విన్నపం ఇది. కథ కింద ‘బొమ్మ: ఫలానా’ అని వేసే ఆనవాయితీ మీకు ఉండనే ఉంది. దానికే ఇంకో మాట చేర్చండి. చేత్తో వేసినదైతే ‘డిజిటల్ చిత్రం’, ప్రోగ్రామ్ రాసినదైతే ‘కోడ్’ అని రాసినవారి పేరు, మోడల్‌దైతే ‘ఏఐ’ అని మోడల్ పేరు. చిత్రలేఖనం పోటీలు పెట్టినప్పుడు ‘ఏఐని కనిపెట్టే’ యాప్‌ల మాట నమ్మి పిల్లల్ని తీసెయ్యకండి, అవి చేత్తో వేసినవాటిని కూడా తప్పు పడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మలో, దేనితో చేశారో చెప్పే లోపలి సమాచారం సాధారణంగా ఉండదు కాబట్టి అది చూసి తేల్చడమూ కుదరదు. దానికి బదులు స్టైలస్‌తో వేసినవాళ్లను పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైలు అడగండి. ప్రోగ్రామ్ వేసినవాళ్లను కోడ్, సీడ్ అంకె అడిగి, మీ ఆఫీసు కంప్యూటర్‌లో ఒకసారి నడిపి చూడండి. బొమ్మ మళ్లీ అదే రావాలి. మోడల్ వాడినవాళ్లను ఏ మాటలిచ్చారు, ఎన్ని బొమ్మల్లోంచి ఇది ఎంచారు, తర్వాత ఏం దిద్దారు అని అడగండి. నిజంగా కూర్చుని చేసినవాళ్లు ఈ ప్రశ్నలకు విసుక్కోరు, మీరు అడిగిన దానికన్నా ఎక్కువే చెబుతారు. ముగ్గుల పోటీకి మాత్రం బొమ్మతో పాటు ‘ఎన్ని చుక్కలు, సందు చుక్కా సరి చుక్కా, ఎంతవరకు’ అన్న ఆ పాత ఒక్క వరుసను తప్పనిసరి చెయ్యండి.

ఇట్లు,
కంప్యూటర్ గ్రాఫిక్స్ బోధించే అధ్యాపకులు,
వరంగల్